పాతబస్తీ కిరాయి ఇళ్లు: మరమ్మతు ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

హైదరాబాద్ పాతబస్తీలో కిరాయికి ఉండేవాళ్లను ఇంటి మరమ్మతుల గురించి కదిలిస్తే ముందుగా వినబడే మాట ఒకటే: "ఎన్నిసార్లు చెప్పినమో లెక్కలేదు, పట్టించుకుంటలేరు." ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఏమని చెప్పారు అని అడిగితే మాత్రం జవాబు తడబడుతుంది. కిరాయి ఇచ్చే రోజు గుమ్మం దగ్గర అన్నారు. మెట్ల మీద ఎదురైతే అన్నారు. ఓనరు కొడుక్కి ఫోన్ చేసి అన్నారు. అన్నది నిజమే, వాళ్లు విన్నదీ నిజమే. కానీ మరమ్మతుల విషయంలో మన చట్టాలు కిరాయిదారుకు ఇచ్చిన హక్కు ఏదైనా, అతను యజమానికి నోటీసు ఇచ్చిన తర్వాతే మొదలవుతుంది. నోటిమాటకు తేదీ ఉండదు, సాక్ష్యం ఉండదు. అందుకే పైకప్పు పెచ్చులూడి పడిన రోజున "నాకు ఎవరూ చెప్పలేదు" అని ఓనరు ఒక్కమాట అంటే, రెండేళ్లుగా చెబుతూ వచ్చిన మనిషి దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు.

రాసి ఇవ్వడానికి జనం ఎందుకు వెనకాడతారో తెలియనిది కాదు. కింద ఓనరు, పైన కిరాయిదారు. ఒకే సంపు, ఒకే మోటారు, ఒకే గేటు. రంజాన్‌కు హలీం పైకి వస్తుంది, లాల్‌దర్వాజ బోనాలకు ప్రసాదం కిందికి వెళుతుంది. అటువంటి చోట కాగితం ఇస్తే తగాదాకు దిగినట్టు ఉంటుందని భయం. ఆ భయం వెనక ఇంకో పెద్ద భయం ఉంది: "అంత ఇబ్బందిగా ఉంటే ఖాళీ చెయ్యండి" అన్న జవాబు. ఈ రెండో భయాన్ని తేలిగ్గా తీసుకునే సలహాలు కిరాయిదారుకు పనికిరావు.

ముందు ఇళ్ల సంగతి. గౌలిపుర, శాలిబండ, హుస్సేనీ ఆలం, మీరాలం మండి వైపు పాత ఇళ్లు చాలావరకు రాయి, ఇటుక, సున్నంతో కట్టినవి. పైకప్పును మోసేవి కలప దూలాలు. తరాలు మారేకొద్దీ ఆ ఇంటినే పోర్షన్లుగా విడగొట్టారు. దేవిడీ మధ్యలో గోడ లేచింది, వరండా వంటగదైంది, మొదట్లో నీటి గొట్టమే లేని మేడ మీద బాత్రూం వచ్చింది. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. ఓనరు మేస్త్రీని పిలిపించి సిమెంటు పూయించి రంగు వేయిస్తాడు, పని అయిపోయిందనుకుంటాడు. వచ్చే వానాకాలానికి అదే గోడ మళ్లీ పొక్కుతుంది. కిరాయిదారు సణుగుతున్నాడని ఓనరుకు కోపం, ఓనరు మోసం చేశాడని కిరాయిదారుకు కోపం. ఇద్దరూ అసలు కారణాన్ని చూడలేదు.

కాబట్టి "గోడకు చెమ్మ వచ్చింది" అని చెబితే సరిపోదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో గమనించి చెప్పాలి. వాన పడినప్పుడే పెరిగి, ఎండ కాసినప్పుడు తగ్గితే పైకప్పునో పిట్టగోడనో అనుమానించాలి. ఏడాది పొడవునా ఒకేలా ఉంటే పైపుదో బాత్రూందో లీకు. నేల నుంచి మోకాలెత్తు దాకా ఎక్కి, తెల్లగా ఉప్పు పొడిలా రాలుతుంటే అది భూమిలోంచి పైకి పాకుతున్న తేమ. ఉమ్మడి గోడ అయితే అవతలి ఇంటి నల్లా సంగతీ చూడాలి. ఇంట్లో రోజంతా ఉండే ఆడవాళ్లకు ఈ తేడాలన్నీ తెలుసు. ఏ మూల ఎప్పుడు తడుస్తుందో, మోటారు వేసినప్పుడు ఏ గోడ చెమరుస్తుందో వాళ్లు చెప్పగలరు. ఓనరుతో మాట్లాడేది మాత్రం సాయంత్రం ఇంటికొచ్చిన మగవాళ్లు, అదీ సగం సమాచారంతో. ఫిర్యాదు రాసేటప్పుడు ఇంట్లో చూసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.

ఇక ఎవరికి చెప్పాలి. పాతబస్తీలో ఇది తేలిక ప్రశ్న కాదు. తాత పేరు మీద ఉన్న ఇల్లు పంపకాలు కాకుండా వారసుల చేతుల్లో ఉంటుంది. ఒక అన్న కిరాయి వసూలు చేస్తాడు, ఇంకో అన్న జెద్దాలోనో చికాగోలోనో ఉంటాడు, చెల్లెళ్లకూ వాటా ఉంటుంది. ఖర్చు మాట వచ్చేసరికి "అందరం కలిసి అనుకోవాలె" అంటారు. కొన్ని ఇళ్లు వక్ఫ్ ఆస్తులు, అక్కడ చూసేది ముతవల్లి, పైన నాంపల్లి హజ్ హౌస్‌లో ఉన్న వక్ఫ్ బోర్డు. ఈ గందరగోళంలో కిరాయిదారుకు ఆసరా అయ్యే మాట ఒకటి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో ఉంది. ఆ చట్టం దృష్టిలో కిరాయి అందుకునే వ్యక్తి, తన కోసం తీసుకున్నా మరొకరి తరఫున తీసుకున్నా, యజమాని కిందికే వస్తాడు. అంటే వారసుల జాబితా అంతా తేలేదాకా ఆగనక్కర్లేదు. నెలనెలా కిరాయి ఎవరి చేతికి, ఎవరి ఫోన్‌పేకు వెళుతోందో వారికి రాయండి. అగ్రిమెంటు మీద వేరే పేరుంటే వారికీ ఒక ప్రతి పంపండి.

చట్టం గురించి కొంచెం ఓపికగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామందికి లేనిపోని ధైర్యమో, లేనిపోని నిరాశో ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కిరాయిదారు, యజమానుల హక్కులనూ బాధ్యతలనూ చెబుతుంది. యజమాని తాను చేయవలసిన మరమ్మతును నోటీసు అందాక తగిన గడువులో చేయకపోతే, కిరాయిదారు చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు. చదివితే గట్టిగానే ఉంది. అయితే "తాను చేయవలసిన" అన్న మాట దగ్గర ఆగాలి. ఏ మరమ్మతు యజమాని చేయాలో ఆ చట్టం జాబితా ఇవ్వలేదు. అది మీ ఒప్పందం చెప్పాలి. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకని టైపు చేయించే అగ్రిమెంట్లలో కిరాయి, అడ్వాన్స్, కరెంటు బిల్లు, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు అన్నీ ఉంటాయి. పైకప్పు ఎవరిది, పైపులు ఎవరివి, వైరింగు ఎవరిది అన్నది ఉండదు. మరమ్మతు గురించి ఫిర్యాదు చేయడానికి అన్నిటికన్నా మంచి సమయం ఇంట్లో దిగకముందే. "పైకప్పు, గోడలు, లోపలి పైపులు, వైరింగు మరమ్మతులు యజమానివి" అని ఒక్క వాక్యం రాయించుకోవడానికి అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు ఉన్న బలం తర్వాత ఉండదు.

అదే సెక్షన్ కిరాయిదారు మీదా బరువు పెడుతుంది. మామూలు అరుగుదల, తరుగుదల పోను ఇంటిని తీసుకున్న స్థితిలోనే ఉంచాలి. యజమానిని సమంజసమైన వేళల్లో లోపలికి వచ్చి చూడనివ్వాలి. మన వల్ల జరిగిన నష్టమైతే నోటీసు అందిన మూడు నెలల్లో మనమే బాగుచేయించాలి. దిగిన రోజునే గదిగదికీ ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్ చేసి పెట్టుకుంటే, పగులు ఎవరి కాలం నాటిదన్న వాదన ముందే తెగిపోతుంది.

అద్దె నియంత్రణ చట్టం ఇంతకన్నా కిరాయిదారు పక్షాన నిలబడుతుంది. 1954 నాటి హైదరాబాద్ చట్టం స్థానంలో 1960లో వచ్చిన ఈ చట్టం ప్రకారం, నోటీసు ఇచ్చినా యజమాని అవసరమైన మరమ్మతు చేయకపోతే రెంట్ కంట్రోలర్‌ను ఆశ్రయించవచ్చు. కిరాయిదారే చేయించుకొని కిరాయిలో మినహాయించుకోవడానికి ఆయన అనుమతించవచ్చు. నీళ్లు, కరెంటు వంటి సౌకర్యాలను యజమాని తెంచకూడదు. కిరాయికి రసీదు అడిగే హక్కు ఉంది. చట్టంలో ఉన్న కొన్ని కారణాలకు తప్ప ఖాళీ చేయించకూడదు. హైదరాబాద్‌లో ఈ కేసులు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు పరిధిలోకి వస్తాయి. కానీ 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. పాత కిరాయికే దశాబ్దాలుగా ఉంటున్న కుటుంబాలకు ఇది ఇప్పటికీ కోటగోడ. మొన్నమొన్న దిగినవాళ్లకు ఆ కిరాయిలో రెండు గదుల పోర్షన్ దొరకడమే కష్టం. అంటే కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ రక్షణకు బయటే ఉన్నారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ అంకె అక్కడే ఉండిపోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ చిక్కును సూటిగా పరిష్కరిస్తుంది. ఇంటి నిర్మాణానికి సంబంధించిన మరమ్మతులు, సున్నాలు, పైపులు మార్చడం, వైరింగు యజమానివి. స్విచ్చులు, సాకెట్లు, కిటికీ అద్దాలు, డ్రైనేజీ శుభ్రం చేయడం వంటివి కిరాయిదారువి అని జాబితా వేసింది. యజమాని చేయకపోతే కిరాయిదారు చేయించుకొని మినహాయించుకోవచ్చు, అయితే ఏ నెలలోనూ సగం కిరాయికి మించి కాదు. ఇంటి అడ్వాన్స్ రెండు నెలల కిరాయిని దాటకూడదు. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. తెలంగాణ ఇంకా 1960 చట్టంతోనే నడుస్తోంది. అయినా ఆ జాబితా ఇప్పుడే పనికొస్తుంది: అగ్రిమెంటు రాసుకునేటప్పుడు దాన్ని ముందు పెట్టుకొని ఇద్దరూ ఒప్పుకున్న మేరకు రాసుకోవచ్చు, దానికి ఏ సర్కారు అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు ఎలా చెప్పాలన్న దగ్గరికి వద్దాం. మర్యాద పోకుండా రాయవచ్చు. వరుస పెట్టి పిలిచే అలవాటు వదులుకోనక్కర్లేదు. శాలిబండలో ఒక తెలుగు కుటుంబం కింద ఉండే ముస్లిం ఓనరుకు రాయవలసి వస్తే ఇలా రాస్తే చాలు:

"చాచా, నమస్తే. వెనక గది పైకప్పు మొన్న శనివారం వానకు మళ్లీ కారింది. ఫ్యాను కొక్కెం చుట్టూ పెచ్చులూడి చువ్వ కనబడుతోంది. ఆ గదిలో పిల్లల్ని పడుకోనిస్తలేము, ఫ్యాను కూడా వేస్తలేము. జూన్‌లో మీరొచ్చి చూసినప్పటికన్నా పెరిగింది. ఫోటోలు పెడుతున్నాను. ఈ ఆదివారంలోగా మేస్త్రీని తీసుకొని రండి, పొద్దున ఇంట్లోనే ఉంటాము. కిరాయి ఎప్పటిలాగే ఐదో తారీఖున పంపుతాను."

ఇందులో ఒక్క మాట కూడా కటువుగా లేదు. కానీ కావలసినవన్నీ ఉన్నాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత ప్రమాదం అన్నది ఉంది. జూన్‌లోనే ఓనరుకు తెలుసన్నది నమోదైంది. కిరాయిదారు తన వైపు నుంచి జాగ్రత్త తీసుకున్నట్టుంది. గడువు ఉంది, లోపలికి రానిస్తామన్న మాట ఉంది. ఆఖరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. మరమ్మతు చేయలేదన్న కోపంతో కిరాయి ఆపేయడం పాతబస్తీలో మామూలుగా జరిగే పొరపాటు. ఉద్దేశపూర్వకంగా కిరాయి ఎగవేశారన్నది ఖాళీ చేయించడానికి 1960 చట్టంలోనే ఉన్న కారణం. ఓనరు చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టవుతుంది. మినహాయించుకునే హక్కు ఉందనుకున్నా, ముందు నోటీసు, తర్వాత ఇద్దరు మేస్త్రీల అంచనా, ఆ అంచనా ఓనరుకు పంపడం, ఆయన సరే అన్న మెసేజ్, పని అయ్యాక బిల్లులు. ఈ వరుస తప్పి కోసుకున్న కిరాయి బాకీ కిందికే వస్తుంది.

వాట్సాప్ మెసేజ్‌ను కోర్టు చూడదన్నది అపోహ. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, ధ్రువపత్రంతో పాటు దాఖలు చేస్తే ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా చెల్లుతుంది. అందుకని మెసేజ్‌లు చెరపొద్దు, ఫోను మార్చేటప్పుడు పోగొట్టుకోవద్దు. ఒకటి రెండు మెసేజ్‌లు పెట్టినా కదలిక లేకపోతే అదే విషయం కాగితం మీద రాసి, ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే పోస్టులో పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసింది కాబట్టి, స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ సౌకర్యం అడిగి, రసీదు దాచుకోవాలి. భాష గురించి బెంగ వద్దు. ఓనరుకు ఉర్దూయే చదవడం వస్తే ఉర్దూలో రాయించండి. ఆయన చదివి అర్థం చేసుకోవడమే కావాలి.

ప్రతి బాధా ఓనరుది కాదు. వీధిలో మురుగు పొంగి గుమ్మంలోకి వస్తే అది జలమండలి పని, 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఇంటి నల్లా కనెక్షన్‌కు ఉండే క్యాన్ నంబరు ఓనరు పేరు మీద ఉన్నా, అది కిరాయిదారు దగ్గర రాసి ఉండాలి. మీటరు దాకా వచ్చే కరెంటు లోపాలకు 1912. మీటరు దాటి లోపలికి వచ్చిన వైరింగు మాత్రం ఓనరు బాధ్యతగా రాయించుకోవలసిందే. ఈ ఒక్క విషయంలో మొహమాటం ప్రాణాల మీదికి తెస్తుంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనం అంటుకొని 17 మంది చనిపోయారు, వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. కారణం షార్ట్ సర్క్యూట్ అని అధికారులు మొదట చెప్పారు. బయటికి రావడానికి ఉన్నది ఇరుకైన ఒకే దారి. ఒకరి కోసం వేసిన పాత వైరు మీద నాలుగు పోర్షన్ల ఫ్రిజ్‌లు, కూలర్లు, ఏసీలు నడుస్తున్న ఇళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. మెయిన్ దగ్గర కాలిన వాసన వచ్చినా, స్విచ్‌బోర్డు వేడెక్కినా, తడి గోడ ముట్టుకుంటే షాక్ కొట్టినట్టయినా అది ఆదివారం దాకా ఆగే ఫిర్యాదు కాదు. మెయిన్ కట్టేసి, ఆ గంటలోనే ఫోన్ చేసి, వెంటనే మెసేజ్ పెట్టాలి.

ఇల్లే కూలే స్థితిలో ఉంటే జీహెచ్ఎంసీ ఉంది. శిథిల భవనాలను తొలగించే అధికారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ ఇస్తుంది. ఏటా వానాకాలం ముందు అధికారులు అలాంటి ఇళ్లను గుర్తించి నోటీసులిస్తారు. 040-21111111కు ఫోన్ చేసి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. 2020 అక్టోబర్ వానలకు హుస్సేనీ ఆలంలో పాత ఇల్లు కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. ఆ ఏడు పాతబస్తీ చూసిన ప్రాణనష్టంలో అది ఒక భాగం మాత్రమే. అయినా కిరాయిదారు ఈ నంబరుకు ఫోన్ చేయడానికి జంకుతాడు, ఆ జంకుకు కారణం ఉంది. ఇల్లు ప్రమాదకరమని తేలితే ముందు వీధిన పడేది తానే. స్థలం విలువ పెరిగిన చోట పాత ఇల్లు పోవడం ఓనరుకు నష్టమేమీ కాదు. మరమ్మతు కోసం ఖాళీ చేయించినప్పుడు తిరిగి చేరే వీలు గురించి 1960 చట్టం మాట్లాడుతుంది గానీ, ఆ చట్టం వర్తించని కుటుంబానికి అడ్వాన్స్ తిరిగి రావడమే గగనం.

భయం అసలు ఇక్కడే ఉంది. అద్దె నియంత్రణ పరిధిలో లేని నెలవారీ కిరాయిదారును, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. ఫిర్యాదు చేసినందుకు ఖాళీ చేయించకూడదని చెప్పే రక్షణ ఆ కుటుంబానికి లేదు. దాని ఫిర్యాదుకు గట్టి గడువు కూడా లేదు. అలాంటి గడువు ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడి రోచ్‌డేల్‌లో 2020 డిసెంబర్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు ఇంట్లోని బూజు వల్ల చనిపోయాడు. తండ్రి ఆ బూజు గురించి అంతకుముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆ బాబు పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబర్ నుంచి అక్కడి సామాజిక గృహాల్లో అత్యవసర ప్రమాదాలను 24 గంటల్లో సరిచేయాలని గడువు పెట్టింది. గడువు లెక్క మొదలయ్యేది ప్రమాదం గురించి ఇంటి యజమానికి తెలిసిన క్షణం నుంచి. మన దగ్గర "తగిన గడువు" అంటే ఎంతో ఎవరూ రాయలేదు.

అయితే 15 రోజుల నోటీసు ఇచ్చినంత మాత్రాన ఓనరు సామాన్లు బయట పడేయలేడు. ఖాళీ చేయకపోతే అతను కోర్టుకే వెళ్లాలి. తాళం వేసి బయటికి నెట్టేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. లాయరుకు డబ్బుల్లేవన్న కారణంతో ఆగనక్కర్లేదు. పురానీ హవేలిలో సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అందుకే అగ్రిమెంటులో ఇంటి ఇల్లాలి పేరు కూడా ఉండటం చాలా కుటుంబాలకు లాభం. కేసు వేయకుండా ఓనరును పిలిపించి మాట్లాడించే వీలూ అక్కడ ఉంది. కింద పైన కలిసి బతకవలసిన మనుషులకు నా మటుకు నాకు అదే మెరుగైన దారి అనిపిస్తుంది.

కిరాయిదారు చేయగలిగింది ఇంతవరకు, మిగతాది పాలకుల చేతిలో ఉంది. పాలకులు కిరాయి ఇంటి బాధ్యత తలకెత్తుకోవడం ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, పేదలకు కిరాయికివ్వడానికి తానే ఇళ్లు కట్టింది. ఈనాటి పాలకులను అంత అడగడం లేదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చేటప్పుడు కిరాయిదారులనూ అర్హులుగా గుర్తించారు. మీటరు నంబరుకు వాళ్ల రేషన్ కార్డును జోడించారు. ఫలానా పోర్షన్‌లో ఫలానా కుటుంబం ఉంటోందని అలా ఒక సర్కారు రికార్డులోకి ఎక్కింది. శిథిల భవనాల విషయంలోనూ అదే పని చేయవచ్చు. ఇంజినీరు వచ్చి ఇంటిని చూసిన రోజునే ఏ పోర్షన్‌లో ఎవరున్నారో, కిరాయి ఎంతో, అడ్వాన్స్ ఎంత కట్టారో రాసుకోవాలి. నోటీసు ప్రతి ఒకటి ఓనరుతో పాటు ప్రతి పోర్షన్‌కూ ఇవ్వాలి. మరమ్మతు చేస్తే తిరిగి రానిస్తాడో లేదో, కూల్చేస్తే అడ్వాన్స్ ఎన్నాళ్లలో ఇస్తాడో ఓనరు చేత రాయించి ఆ ఫైలులోనే పెట్టాలి. దీనికి కొత్త చట్టం రావాలని ఎదురుచూడనక్కర్లేదు, వచ్చే వానాకాలం సర్వే ఫారంలో నాలుగు గడులు పెంచితే చాలు. అంతవరకు కిరాయిదారే జీహెచ్ఎంసీకి ఇచ్చే ఫిర్యాదులో తన పేరు, పోర్షన్, అడ్వాన్స్ మొత్తం రాసి, ముద్ర వేసిన ప్రతిని అగ్రిమెంటుతో కలిపి భద్రం చేసుకోవాలి.